బంపర్ మీద ఆకుపచ్చ గీత

ఏప్రిల్ 22, సోమవారం

కారుకి దెబ్బ తగిలింది. ముందు బంపర్, ఎడమ మూల. జానెడు పొడవున తెల్లరంగు లేచిపోయి, రెండు చోట్ల లోపలి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. నేను గుడి నుంచి టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో, వచ్చి దిగేసరికి ఆయన గేటు దగ్గర గొంతుక్కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో ఆ చోటు తుడుస్తున్నారు.

“ఏటైందండీ?”

“ఏటవుతాది. గోల్‌బజార్లో పెట్టి కూరలకెల్లినాను. టోటోవోడెవుడో గీరీసి పోనాడు.”

“మీకు తగల్లేదు కదా?”

“నాను కూరల కొట్టులో ఉంటే నాకెలా తగుల్తాదే?”

నిజమే. అయినా స్వామికి దండం పెట్టుకున్నాను. టోటో వాళ్ళని తిట్టలేదు. నేనూ అప్పుడే టోటో దిగాను కదా. కూరల సంచి మాత్రం కారులో లేదు. కంగారులో మరిచిపోయి ఉంటారు.

దసరా నుంచి కారులో నేను ఆయనకి అసిస్టెంట్‌ని. ఆయన రైలు డ్రైవరు. ఇంజన్‌లో వీళ్ళకి ఒక రూలు ఉంది. సిగ్నల్ రంగు ఒకరు పైకి చెప్పాలి, ఇంకొకరు అదే మాట తిరిగి చెప్పాలి. అలాగే నేను పక్క సీట్లో కూర్చుని “ఎడమ ఖాళీ” అంటే ఆయన “ఎడమ ఖాళీ” అని చక్రం తిప్పుతారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నాకు అప్పజెప్పిన మొదటి డ్యూటీ ఇది. నాకు చాలా ఇష్టం.

“అసిస్టెంట్ లేని రోజే దెబ్బ తగిలింది చూడండి” అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 23, మంగళవారం

ఎండ నలభై మూడట. ఆయన డ్యూటీకి వెళ్ళారు. నేను మూడుసార్లు వెళ్ళి బంపర్ చూసి వచ్చాను. తెలుపు కింద బూడిదరంగు, దాని కింద నలుపు. ఇంత సన్నటి రంగులో ఇన్ని పొరలు ఉంటాయని తెలియదు.

ఏప్రిల్ 24, బుధవారం

గ్యారేజీకి ఇవ్వమన్నాను. వద్దన్నారు.

“ఆ గ్యారేజీకొచ్చేవోళ్ళు సగం మంది మా డ్రైవర్లే. తాతారావు కారు గీరీసుకున్నాడని సాయంత్రానికి లాబీ దాకా పోతాది.”

“గీరింది టోటోవోడు కదండీ.”

“ఆ మాట ఎవుడు నమ్ముతాడే?”

ఎందుకు నమ్మరో నాకు అర్థం కాలేదు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే ఆ లాబీలో కబుర్లు ఎక్కువే. నాన్న గార్డుగా ఉన్నప్పుడు కూడా అంతే. అయినా టోటో గీరితే ఈయనకి నామోషీ ఏమిటి?

“పోనీ నాను సేస్తానండీ” అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యం. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

“పైపైన పూసీ. ఎక్కువ గోక్కు.”

వినాయకుడి బొమ్మలకి రంగులు దిద్దే చేయి నాది. పైపైన పూస్తే నిలబడదని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు.

ఏప్రిల్ 25, గురువారం

గోల్‌బజార్లో రంగుల కొట్టుకి వెళ్ళాను. ఒక ఆడది, బొట్టూ పూల సంచీతో, నీళ్ళలో తడిపి రుద్దే ఎమెరీ కాగితం అడిగితే కొట్టు బెంగాలీ దాదా కళ్ళజోడు సర్దుకున్నాడు. బంపర్‌కి అని చెప్పాక, “ఓటా తో ప్లాస్టిక్, దీదీ, లోహా నా”, అది ప్లాస్టిక్, ఇనుము కాదు అని, ప్లాస్టిక్ మీద పట్టే వేరే ప్రైమర్ చూపించాడు. ప్లాస్టిక్ అని తెలుసు. వేరే ప్రైమర్ ఉంటుందని తెలియదు. తెల్లరంగు స్ప్రే అడిగితే ఆరు రకాల తెలుపులు ముందు పెట్టాడు. పాల తెలుపు, ముత్యం తెలుపు, ఇంకా ఏవో. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో, దాదా నాకు స్టూలు వేయించాడు.

ఏప్రిల్ 26, శుక్రవారం

జగ్గారావు అన్నయ్య వచ్చాడు. మా పెదనాన్న కొడుకు, మా పేట తాల్‌బగీచాలోనే రెండు వీధుల అవతల ఉంటాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు బోగీలకి రంగులు వేసి రిటైరయ్యాడు. చేతిలో డబ్బా, బ్రష్షు. ఎవరు చెప్పారో.

“సెల్లీ, బోగీలకి బోగీలు పూసినోణ్ణి. జానెడు బంపర్ నాకో లెక్కేటి?”

ప్లాస్టిక్ ప్రైమర్ చూపించాను. దాన్ని మూత కూడా తీయలేదు.

“ఆ దాదాకేటి తెల్సు? ప్రైమరంటే రెడ్ ఆక్సైడ్. బ్రిటిషోడి కాలం నుంచీ అదే.”

అన్నయ్య మాట కాదనలేను. గీత మీద, గీత చుట్టూ కూడా ఎర్రగా పూసేశాడు. తెల్ల కారుకి ఎర్ర మూతి. పక్కింటి సింహాచలమ్మ పిన్ని పిట్టగోడ మీంచి చూసి, “మీ కారు కిళ్ళీ నవిలినట్టున్నాది” అంది. అన్నయ్యకి కోపం వచ్చింది. టీ తాగకుండా వెళ్ళిపోయాడు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాగాడు.

ఏప్రిల్ 27, శనివారం

ఎర్ర రంగు పొంగింది. కాగిన పాల మీద మీగడలా ముడతలు. గోటితో పట్టుకుంటే తొక్కలా వచ్చేస్తోంది.

అన్నయ్యని పిలిచాను. చాలాసేపు చూశాడు.

“బోగీ ఇనుము కదా అన్నయ్యా. ఇది ప్లాస్టిక్” అని మెల్లగా అన్నాను.

“అవును గావాల” అన్నాడు. గోటితో ఇంకో ముడత లేపి, “అయితే ఇది సూడు సెల్లీ. అంతటా ముడతపడ్లేదు. కంపెనీ రంగు మీద ఎర్రరంగు ఊడొస్తోంది గానీ కింద తెలుపు కదల్లేదు. ఇక్కడిక్కడ మాత్రం కింద తెలుపు కూడా పొంగిపోనాది. నా రంగులో కలిపిన థిన్నరు కంపెనీ పెయింటుకి తగిలినా ఏటీ కాదు. సేత్తో పూసినదే ఇలా పొంగుతాది.”

“అంటే ఇంతకుముందు ఎవరో పూశారా?”

అన్నయ్య ఇంట్లోకి తొంగి చూశాడు.

“బావ ఎక్కడున్నాడు?”

“డ్యూటీలో.”

“ఊఁ. మళ్ళీ పైన పూసీమంటే పూసీవచ్చు. సూడాలనుంటే మాత్రం నీళ్ళు పోసుకుని నెమ్మదిగా రుద్దు. సెట్టు కోస్తే లోపల వలయాలుంటాయి సూడు, అలాగ కోటుకొక వలయం వస్తాది.”

ఈసారి టీ ఇవ్వకముందే వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఈ కారు మేము ఐదేళ్ళ క్రితం ఒక బ్యాంకు ఆయన దగ్గర కొన్నాం. ఆయనే గీసుకుని పూసుకుని ఉంటాడు. పెద్దాయన, కళ్ళద్దాలు కూడా లావుగా ఉండేవి. అంతే.

ఈమధ్య మావారికి భక్తి పెరిగింది. నేను హారతి పక్కకి తెచ్చినా కళ్ళకి అద్దుకోరు, స్వామినే చూస్తూ ఉండిపోతారు. నేనే చేయి పట్టుకుని అద్దిస్తాను. ఆయనకి ఈ మనసు ఇచ్చినందుకు సింహాచలం అప్పన్న స్వామికి ఏమిచ్చుకోగలను?

ఏప్రిల్ 30, మంగళవారం

పొద్దున్న పూజ అయ్యాక ఒక చెంబు నీళ్ళు, ఎమెరీ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఎండ రాకముందే గంటన్నర రుద్దాను. కాగితం కింద నుంచి పాలలాంటి నీళ్ళు కారుతుంటే ఎంత బాగుందో. చేతికి తెలుస్తుంది, గరుకు ఎక్కడ అయిపోయి నునుపు ఎక్కడ మొదలైందో. అన్నయ్య చెప్పినట్టే వలయాలు వచ్చాయి. తెలుపు. దాని లోపల గుంటలు పూడ్చే బూడిదరంగు లప్పం. లప్పం కింద ఒక గీత.

ఆకుపచ్చ.

టోటో రంగేమో అనుకున్నాను. ఊళ్ళో టోటోలు సగం ఆకుపచ్చవే.

మే 1, బుధవారం

వంకాయ కూర. ఎండ నలభై ఐదు. ఇంకేం రాయను.

మే 3, శుక్రవారం

ఆకుపచ్చ గీత దగ్గర ఆపేద్దామనుకున్నాను. చేయి ఆగలేదు. లోపల ఏముందో చూడాలని ఇంత ఆత్రం నాకు చిన్నప్పుడు ఉండేది, నాన్న లాంతరు విప్పి తుడిచేటప్పుడు.

ఆకుపచ్చ కింద మళ్ళీ తెలుపు. మళ్ళీ లప్పం. మళ్ళీ ఆకుపచ్చ. దాని కింద తెలుపు, లప్పం, ఈసారి నీలం. నీలం కిందే కంపెనీ రంగు.

నీలం చూడగానే చెంబు పక్కన పెట్టేశాను.

మా గేటు స్తంభాలకి నీలం రంగు ఉండేది. పోయిన దసరాకి నేనే పట్టుబట్టి ఆకుపచ్చ వేయించాను.

ఎడమ స్తంభం మీద కాగితంపూల తీగ దట్టంగా ఉంది. తీగ పెంచింది ఆయనే. కొమ్మలు ఎత్తి చూశాను. మోకాలి ఎత్తున తెల్ల గీతలు. ఒకటి కొత్తది, ఇంకా సున్నంలా చేతికి అంటుతోంది.

బ్యాంకు ఆయన కళ్ళద్దాలని అనవసరంగా అన్నాను. స్వామీ, క్షమించు.

మూడు దాచిన దెబ్బలు, ఒక దాచలేని దెబ్బ. అన్నీ ఎడమవైపే. మొదటిది దసరాకి ముందు. నన్ను అసిస్టెంట్‌ని చేసింది దసరా తరవాత.

మే 5, ఆదివారం

ఈరోజు హారతి ఇచ్చేటప్పుడు పళ్ళెం ఆయన ఎడమ భుజం పక్కన పట్టుకుని నిలబడ్డాను. పిలవలేదు. గంట కూడా కొట్టలేదు. కర్పూరం అయిపోయేదాకా అలాగే ఉన్నాను. ఆయన చేతులు జోడించి ఎదురుగా చూస్తూ, “హారతి ఇంకా ఇవ్వలేదేటే?” అన్నారు.

పళ్ళెం వేడికి వేళ్ళు కాలాయి. కుడివైపుకి వెళ్ళి ఇచ్చాను.

భక్తి అని రాసుకున్నాను పైన. కొట్టేయను. ఉండనీ.

మే 6, సోమవారం

సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. ఆయన బండి గంట లేటు. గంటసేపు గుమ్మంలోనే కూర్చున్నాను. ఆయన వెనక పది బోగీలు, వెయ్యి మంది. ఆ వెయ్యి మందిలో ఎవరి భార్యా ఈరోజు గుమ్మంలో కూర్చుని ఉండదు, ఎందుకంటే వాళ్ళకి తెలియదు.

నాకు తెలుసు. ఏం లాభం? అన్నం వడ్డించాను.

మే 8, బుధవారం

గుడిలో అనిల్ కుమార్ కనిపించాడు. ఇంజన్‌లో ఆయన పక్కన కూర్చునే అసలు అసిస్టెంట్ ఇతనే. ప్రసాదం పెట్టి, డ్యూటీ ఎలా ఉందని అడిగాను. అంతకన్నా సూటిగా అడగడం నాకు చేతకాదు.

“అంకుల్ మరీ స్ట్రిక్టైపోనారాంటీ. సిగ్నల్ నేను పిలిసేదాకా ఆయన పలకరు. ముందు నువ్వే సెప్పాలి, నేర్సుకో అంటారు.”

“మంచిదే కదా బాబూ” అన్నాను.

“మంచిదే” అన్నాడు. ప్రసాదం తినకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. “అంకుల్‌ని ఓసారి డాక్టరుకి సూపించండాంటీ. నేనన్నానని సెప్పొద్దు.”

మన దేశంలో రైలు సిగ్నళ్ళు పట్టాలకి ఎడమవైపు ఉంటాయి. గార్డు కూతురికి ఎవరూ చెప్పక్కర్లేదు.

జూన్‌లో ఆయనకి రైల్వే మెడికల్ పరీక్ష. పోయిన ఏడాది బాగానే పాసయ్యారు. ఈసారి తప్పితే బండి దింపేస్తారు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. “బండి దిగితే నానేటి, ఎవుణ్ణి?” అని ఒకసారి అన్నారు, ఎవరి రిటైర్మెంటు భోజనాల్లోనో. అప్పుడు అందరూ నవ్వారు.

మే 9, గురువారం

చెప్పలేదు. రేపు చెప్తాను.

“ఇంకా పూయలేదేటే? ఆ మూల అలా సూస్తుంటే నాకు సిరాగ్గా ఉన్నాది” అన్నారు. చిరాకు ఎందుకో నాకు తెలుసని ఆయనకి తెలుసా?

మే 10, శుక్రవారం. అక్షయ తృతీయ

మా నాయనమ్మ సింహాచలం నుంచి తెచ్చిన చిటికెన వేలంత స్వామి మా పూజ గదిలో ఉన్నాడు. కొండ మీద స్వామిలాగే ఏడాదంతా గంధంలో ఉంటాడు. ఈ ఒక్క రోజు పొద్దున్నే పాత గంధం తీసి, నిజరూపం చూసి, కొత్త గంధం పూస్తాం. ఎండిన గంధం పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. పొరలు తీయడం ఈ పదిరోజుల్లో నాకు బాగా అలవాటైంది.

కొత్త గంధం అరగదీశాను. పూయలేదు. లేచి వెళ్ళి ఆయన్ని పిలిచాను.

“ఓసారి గేటు దగ్గరికి రండి.”

“ఏటీ?”

“రండి.”

వచ్చారు. బంపర్ ముందు కూర్చోమన్నాను. ఆయన చూపుడువేలు పట్టుకుని వలయాల మీద పెట్టాను. ఒక్కో అంచు మీదుగా వేలు నడిపించాను. తెలుపు, ఆకుపచ్చ. తెలుపు, ఆకుపచ్చ. తెలుపు, నీలం.

ఆయన నీలం దగ్గర వేలు ఆపి అన్నారు. “గోకొద్దన్నాను కదే.”

“మూడున్నాయి. మొన్నటిదానితో నాలుగు.”

“నాలుగు కాదు.”

నేను ఆయన వైపు చూశాను. ఆయన బంపర్ వైపే చూస్తున్నారు.

“ఐదు. ఐదోది కారుది కాదు. మార్చి నెలలో, వంపు తిరిగినాక ఎల్లో సిగ్నల్ ఉన్నాది. నాకు కనబడ్లేదు. అనిల్ పిలిసినాడు, నాను పలకలేదు. ఆడు మళ్ళీ అరిసినాడు. అప్పుడు కొట్టినాను బ్రేకు. ఏటీ కాలేదు. బండి టైముకే పోనాది. ఆడు ఎవుడికీ సెప్పలేదు.”

“మరి మీరు?”

“నానెవుడికి సెప్తాను? ఎదురుగా ఉన్నది బాగానే కనబడతాదే. ఎడం పక్కే, ఏటో, గోడ అడ్డమొచ్చినట్టుంటాది. జూన్ అయిపోతే మెల్లిగా…”

“మెల్లిగా ఏటి?”

నేను జీవితంలో ఆయనకి ఎదురు చెప్పలేదు. ఇప్పుడు కూడా గొంతు పెద్దది కాలేదు. “స్వామికే ఏడాదికి ఒక రోజు గంధం తీస్తారండీ” అని మాత్రం అన్నాను. “వెయ్యి మందిని ఎనకాల కూకోబెట్టుకుని, మీరు తియ్యరా?”

అప్పుడే ఇంట్లో ఫోన్ మోగింది. లాబీ నుంచి, మధ్యాహ్నం బండికి పిలుపు. నేను వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నారు. అది మోగుతూనే ఉంది.

నేను ఆయన ఎడమవైపు కూర్చున్నాను. కారులో కూర్చున్నట్టే.

“ఎదర సిగ్నల్ రెడ్” అన్నాను.

ఆయన పలకలేదు. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

“ఎదర సిగ్నల్ రెడ్” అని రెండోసారి అన్నాను.

“రెడ్” అన్నారు. ఫోన్ ఎత్తి, “తాతారావుని. నన్ను సిక్‌లో రాసుకోండి… కాదు కాదు, జొరం కాదు. కళ్ళు” అన్నారు.

తర్వాత లోపలికి వెళ్ళి స్వామికి గంధం పూశాను. ఆయన గేటు దగ్గరే ఉన్నారు, వేలు బంపర్ మీదే పెట్టుకుని.

మే 14, మంగళవారం

రైల్వే ఆసుపత్రి. నీటికాసులట, గ్లకోమా. ఎడమ కంటికి ఒక గొట్టంలోంచి చూసినంత మేరే మిగిలింది. కుడి కంటికి ఇప్పుడే మొదలైంది. పోయింది రాదు, ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు అన్నారు. ఇంక బండి లేదు. వేరే పని ఏదైనా ఇస్తారు. ఆయన ఇంటికొచ్చి, ఇంజన్‌లోకి పట్టుకెళ్ళే పెట్టె తీసి, లోపలంతా దులిపి, బోర్లించి ఎండలో పెట్టారు.

మార్చి సంగతి కూడా రాసి ఇస్తానన్నారు. నేను కాగితం వెతికి ఇచ్చాను.

మే 19, ఆదివారం

బంపర్‌కి రంగు వేశాను. ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. చుట్టూ పాత పేపర్లు అంటించాను. ప్లాస్టిక్ ప్రైమర్. కొట్టు దాదా చెప్పినట్టు జానెడు దూరంలో పట్టుకుని, చేయి ఆపకుండా, పలచగా మూడు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య ఆగాలి. ఆగడమే కష్టం. జగ్గారావు అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చుని “ఇంకా పలచగా, ఇంకా పలచగా” అన్నాడు, అంతా తనే నేర్పినట్టు.

పేపర్లు తీశాక చూస్తే తెలుపు కొంచెం తేడా వచ్చింది. ఆరు తెలుపుల్లో నేను ఎంచింది కాస్త పాలు ఎక్కువైనట్టుంది.

“బావా, సూడు. తెలుస్తోందేటి తేడా?” అని అన్నయ్య ఆయన్ని అడిగాడు.

ఆయన తల మొత్తం ఎడమకి తిప్పి, వంగి చూశారు. “తెలుస్తోంది” అన్నారు. “ఉండనీ.”

కారు తాళాలు దేవుడి గదిలో పెట్టాను. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వయసు పరిమితి ఏమైనా ఉందో కనుక్కోవాలి.

సాయంత్రం హారతి కుడివైపు నుంచి ఇచ్చాను. కళ్ళకి అద్దుకున్నారు.